గోడకు కొట్టిన పుస్తకాలు

వెస్టర్‌హామ్న్, స్వీడన్
1996 అక్టోబర్

ఫ్రిమెట్ అక్కకు,

నీ ఉపాయం పారింది. ఊరూరా తిరిగి బొత్తాలూ గుడ్డముక్కలూ అమ్ముకున్న యూదు వర్తకుల గురించి వెతుక్కుంటూ మా లైబ్రరీకి ఒక అమ్మాయి వచ్చిందని రాశాను కదా. "చరిత్ర పుస్తకాల్లో వెతికితే ఏం దొరుకుతుంది, పాత పంచాంగాల వెనక అట్టలు తిప్పమను, వాళ్ళ ప్రకటనలన్నీ అక్కడే ఉంటాయి" అని నువ్వు రాశావు. నిజంగానే ఉన్నాయి! ఆ అమ్మాయి ఎగిరి గంతేసి నన్ను కావలించుకుంది. ఈ దేశంలో ఒక లైబ్రేరియన్‌ని ఎవరైనా కావలించుకోవడం ఇదే మొదలేమో.

ఇప్పుడు అసలు కబురు. మా ఊరి పురపాలక సంఘం వచ్చే ఏడాది ఆరు నెలలపాటు యూదు సంస్కృతీ చరిత్ర కార్యక్రమాలు జరపబోతోంది. రేవు దగ్గరున్న పాత సుంకాల గిడ్డంగిని అందుకోసం బాగు చేస్తున్నారు. సంగీతం, ఉపన్యాసాలు, ప్రదర్శన, అన్నిటికీ నడుమ మన అమ్మల భాష యిడ్డిష్‌లో ఉన్న పుస్తకాలతో చదువుకునే గది. అక్కా, ఎండ తగిలే గది! మా లైబ్రరీ ఎలాంటిదో నీకు తెలుసు. ప్రార్థనా మందిరం కింద నేలమాళిగ. చలికాలంలో పుస్తకం తెరిస్తే తడిసిన గోనెసంచి వాసన.

ఈ పనులన్నీ నడిపించడానికి ఎక్‌బ్లాడ్ అనే ఆయన స్టాక్‌హోమ్ నుంచి వచ్చాడు. మా యూదు సంఘం అధ్యక్షుడు, పళ్ళ డాక్టరు ప్లాట్నర్ గారే స్వయంగా మెట్లు దిగి ఆయన్ని నా దగ్గరికి తీసుకొచ్చాడు. ఎక్‌బ్లాడ్ ఒక పుస్తకం తీసి వాసన చూసి, "బాషా గారూ, వీటికి కాస్త వెలుతురు చూపిద్దామా?" అన్నాడు. పాతికేళ్ళుగా ఈ చెమ్మలో కూర్చున్న నాకు ఆ మాటకే కళ్ళు చెమ్మగిల్లాయి.

మా దగ్గర యిడ్డిష్ పుస్తకాలు అర అల్మరా కూడా లేవు. ఆంట్వర్ప్‌లో మీ లైబ్రరీ ఎలా ఉంది? అక్కడ ఒకటికి రెండున్న ప్రతులు ఉంటే పంపగలవా?

ఇంకొకటి. ఫేలా గోల్డ్‌వాసర్ గారని మా పాఠకురాలు, యుద్ధం ముగియబోతుండగా నాజీ శిబిరం నుంచి రెడ్‌క్రాస్ తెల్ల బస్సుల్లో ఇక్కడికి వచ్చిన పిల్లల్లో ఒకరు. మన అమ్మలు పుట్టిన లొడ్జ్ ఊరే ఆవిడదీ. అక్కడి బళ్ళో చదివిన రెండో తరగతి వాచకం కావాలట. పేరు గుర్తులేదు. "అట్ట మీద మేక. మేకకి టోపీ. అంతే తెలుసు" అంటారు. దొరుకుతుందా?

నీ చెల్లెలు,
బాషా


ఆంట్వర్ప్
1996 నవంబర్

బాషాకు,

నీ ఉత్తరం చదివి సంతోషించాలని ప్రయత్నించాను. నా వల్ల కాలేదు. యూదు సంస్కృతీ చరిత్ర కార్యక్రమం అన్న మాట వింటేనే నాకీ మధ్య లేచి వెళ్ళిపోవాలనిపిస్తుంది.

మొన్న వసంతంలో రైల్లో గంట దూరంలో ఉన్న ఒక ఊరివాళ్ళు ఇలాంటిదే పెట్టి నన్ను పిలిచారు. గుమ్మంలో ఒకడు అతికించిన గడ్డం, నల్లకోటు, చెంపలకి ఉంగరాల సవరం పెట్టుకుని చేతులు నులుముకుంటూ నిలబడి ఉన్నాడు. నన్ను చూడగానే "షాలోమ్! షాలోమ్!" అని రాగం తీశాడు.

"ఎవరు నాయనా నువ్వు?" అన్నాను.

"ఇవాళ్టికి రబ్బీనండి, యూదుల మతగురువుని."

"మరి రేపు?"

"రేపు బజార్లో ఈస్టర్ కుందేలునండి."

వాడి తప్పేముంది, పొట్టకూటి వేషం. లోపల వరసగా కూర్చుని చప్పట్లు కొట్టినవాళ్ళని చూసి నాకు రోత పుట్టింది. బతికున్న యూదుడు పక్కింట్లో ఉంటే వీళ్ళలో ఒక్కడు తలుపు తట్టడు. చచ్చిపోయినవాళ్ళంటే మాత్రం ప్రాణం పెడతారు. చచ్చినవాళ్ళతో సుఖం ఏమిటంటే, వాళ్ళు ఎదురు చెప్పరు.

సరే, నువ్వు ఎండ తగిలే గది అన్నావు కాబట్టి నోరు మూసుకుంటాను. పెట్టెలు పంపిస్తున్నాను. ఒకటికి రెండున్నవే, దిగులు పడకు. ఒకటే మాట విను. వీటిని చదవడానికి ఇవ్వు, చూడటానికి కాదు. వేడి గొట్టాల పక్కన పెట్టొద్దు. ముట్టుకోవద్దు అని బోర్డు పెట్టావంటే వచ్చి నేనే పీకేస్తాను.

టోపీ మేక దొరికింది. ఆవిడ చెప్పింది కరెక్టే, టోపీ పక్కకి వంగి ఉంటుంది కూడా. పాత వార్తాపత్రికలో చుట్టి పెట్టాను. ముందు ఆవిడకియ్యి, తర్వాత మిగతా సంగతి.

మా లైబ్రరీ ఎలా ఉందని అడిగావు. ఉంది. మా ఊరి వజ్రాల వర్తకులకి చదవడానికి తీరిక ఎక్కడ? ఆ మాట వదిలెయ్.

ఫ్రిమెట్


వెస్టర్‌హామ్న్
1997 ఫిబ్రవరి

అక్కకు,

ఆలస్యంగా రాస్తున్నాను, మన్నించు. పెట్టెలు భద్రంగా చేరాయి. ఎంత మంచి ప్రతులో! ఒకటికి రెండున్నవి కూడా ఇంత బాగుంటే నీ అల్మరాల్లో ఉన్నవి ఇంకెలా ఉంటాయో అనుకున్నాను.

ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. మేయర్ వచ్చింది. ప్లాట్నర్ గారు రెండు భాషల్లో మాట్లాడాడు. నీకు నవ్వొచ్చే సంగతి ఒకటి చెబుతాను. విందులో రొట్టెముక్కల మీద రొయ్యలు పెట్టారు. యూదులు ముట్టకూడని రొయ్యలు, యూదుల పండుగలో! పళ్ళెం పట్టుకొచ్చిన అమ్మాయిని ఇదేమిటని అడిగితే, "అయ్యో, పంది మాంసం లేదండీ, జాగ్రత్తగా చూశాం" అంది.

పుస్తకాలు గిడ్డంగిలోనే ఉన్నాయి. వచ్చినవాళ్ళందరూ చూస్తున్నారు. ఫొటోలు తరవాత పంపుతాను.

ఇక్కడ మంచు ఇంకా కరగలేదు. నీ మోకాలు ఎలా ఉంది? ఫేలా గారికి జలుబు చేసింది. వాచకం సంగతి మళ్ళీ రాస్తాను.

బాషా


ఆంట్వర్ప్
1997 మార్చి

బాషాకు,

నా మోకాలు సంగతి పక్కన పెట్టు.

వజ్రాల దళారి లైబిష్ ష్టెర్న్ నీకు తెలుసు కదా, మా లైబ్రరీలో ఇరవై ఏళ్ళుగా ఒకే పుస్తకం తీసుకెళ్ళి తిరిగిచ్చి మళ్ళీ తీసుకెళ్ళే మనిషి. కోపెన్‌హేగన్‌లో మేనకోడలి పెళ్ళికి వెళ్ళి, పనిలో పనిగా మీ ఊరు చూసొచ్చాడు. నిన్న వచ్చి టోపీ కూడా తియ్యకుండా నా ఎదురుగా కూర్చున్నాడు.

"ఫ్రిమెట్, మన ముద్ర ఉన్న పుస్తకాలు అక్కడ చూశాను" అన్నాడు.

"అవును, నేనే పంపాను. ఎవరైనా చదువుతున్నారా?"

"ఎలా చదువుతారు?"

"అదేం ప్రశ్న?"

"కాఫీ హోటల్ గోడకి మేకులతో కొట్టేశారమ్మా. కింద కూర్చుని జనం కేకులు తింటున్నారు."

నేను నమ్మలేదు. "నీకు చత్వారం వచ్చింది, లైబిష్" అన్నాను.  ఆయన లేచి, ఏ పుస్తకమూ తీసుకోకుండానే వెళ్ళిపోయాడు.

"వచ్చినవాళ్ళందరూ చూస్తున్నారు" అని రాశావు. ఎంత తెలివిగా రాశావు! అబద్ధం ఒక్కటీ లేదు అందులో. రొయ్యల కథ చెప్పి నన్ను నవ్వించావు. ఇప్పుడు తిన్నగా చెప్పు. ఏం చేశారు?

ఫ్రిమెట్


వెస్టర్‌హామ్న్
1997 మార్చి

అక్కకు,

మేకులు కావు, తిప్పి బిగించే మరలు.

నేను ఒట్టు పెట్టి చెబుతున్నాను, ప్రారంభోత్సవం రోజు దాకా నాకు తెలియదు. "షెల్ఫులు అమరుస్తున్నాం, మీరు చివరి రోజు చూసి ఆశ్చర్యపోవాలి" అని ఎక్‌బ్లాడ్ నన్ను లోపలికి రానివ్వలేదు. ఆ రోజు తెర లాగారు. గోడ. నేల నుంచి కప్పు దాకా పుస్తకాలే. కొన్ని తెరిచి, కొన్ని మూసి, ఒక్కొక్కదాని ఒంట్లోంచీ ఒక ఇత్తడి మర. కొన్నింటి వెన్నులు మాత్రం రంపంతో కోసి వరసగా అతికించారు. వెనక నుంచి పసుపుపచ్చ దీపాలు. పేరు "జ్ఞాపకాల గోడ". చదువుకునే గది ఏదని అడిగితే, కాఫీ బల్లల వంక చెయ్యి చూపించాడు.

జనం "ఆహా" అన్నారు. ఒకావిడ కళ్ళు తుడుచుకుంది. నేను బయటికి పరిగెత్తి రేవు గట్టు మీద వాంతి చేసుకున్నాను. ఉత్త కడుపుతోనే.

తిరిగొచ్చి ప్లాట్నర్ గారిని పక్కకి లాగాను.

"ఇది మీకు ముందే తెలుసా?"

"నేనే సంతకం పెట్టాను, బాషా. అరవకు, మేయర్ ఇక్కడే ఉంది."

"పుస్తకాలకి చిల్లులు పొడిచారు, డాక్టర్!"

"ఒకటికి రెండున్నవే కదా అవి? నువ్వేగా చెప్పావు. అయినా ఈ ఊళ్ళో యిడ్డిష్ చదివేవాళ్ళు ఎంతమంది? నువ్వూ, ఫేలా, ఇంకో ఇద్దరు ముసలివాళ్ళు. ఈ గోడని వేలమంది చూస్తారు. మన పైకప్పు కారుతోంది. పురపాలకం బాగు చేయిస్తానంది. నువ్వు ఇప్పుడు గొడవ చేస్తే ఆ ముసలివాళ్ళ నెత్తిన వాన పడుతుంది."

నేను నోరు మూసుకున్నాను. పైకప్పు కోసమని నాకు నేను చెప్పుకున్నాను. అవి రెండో ప్రతులే, అక్క దగ్గర మొదటివి ఉన్నాయి అని కూడా చెప్పుకున్నాను. రోజూ అటుగా వెళ్ళాల్సి వస్తే తల తిప్పుకుని వెళ్ళాను. ఆ ఎక్‌బ్లాడ్ మీద రోత, డాక్టరు మీద రోత, ఆ కాఫీ వాసన మీద కూడా రోత. అన్నిటికంటే ఎక్కువ, ప్రతి శుక్రవారం ప్రార్థనకి వచ్చి, నన్ను చూసి "మన గోడ ఎంత బాగుందో!" అనే మనవాళ్ళ మీద.

ఫేలా గారి వాచకం కూడా ఆ గోడ మీదే ఉంది. పెట్టెలు నేను విప్పకముందే గిడ్డంగికి తరలించారు. ఆవిడ రోజూ వచ్చి "మేక వచ్చిందా?" అని అడుగుతారు. జలుబు అని నీకు రాసింది అబద్ధం. ఆవిడ ఆరోగ్యంగా ఉన్నారు. ఆవిడ ముఖం చూడలేక నేనే దాక్కుంటున్నాను.

తిట్టు అక్కా. కాగితం నిండా తిట్టు.

బాషా


ఆంట్వర్ప్
1997 ఏప్రిల్

బాషా,

అవి రెండో ప్రతులు కావు.

మా లైబ్రరీ గదిని కమిటీ క్రిందటి శరదృతువులోనే అమ్మేసింది. ఇప్పుడది పెళ్ళికొడుకుల సూట్లు అమ్మే దుకాణం. పుస్తకాలు ఏం చేద్దామని నేను అడిగితే, కమిటీలో ఒక పెద్దమనిషి "పాతకాగితాలవాడు ఉచితంగా పట్టుకుపోతాడట" అన్నాడు. మర్యాదగా, నవ్వుతూ అన్నాడు. అతని తండ్రి మా లైబ్రరీలో కూర్చుని చదువుకునే ఈ దేశపు భాష నేర్చుకున్నాడు.

సరిగ్గా అప్పుడే నీ ఉత్తరం వచ్చింది. ఎండ తగిలే గది అని. మిగతావి నా ఇంట్లో పేర్చుకుని, ఉన్నవాటిలో మేలైనవి ఏరి నీకు పంపాను. యుద్ధకాలంలో దాచిన అటకల మీద నుంచి, చచ్చిపోయినవాళ్ళ ఇళ్ళ నుంచి మా నాన్నా నేనూ మోసుకొచ్చినవి. నిజం చెబితే నువ్వు జాలిపడతావని చెప్పలేదు. నా చెల్లెలి ముందు చెయ్యి చాచినట్టు ఉంటుందని, రెండో ప్రతులని రాశాను.

అందుకని నిన్ను తిట్టడానికి కూడా నాకు నోరు లేదు. పాతకాగితాలవాడు ఎంతో నయం. వాడు కనీసం దీపాలు పెట్టడు.

కొన్నాళ్ళు నాకు ఉత్తరం రాయకు.

ఫ్రిమెట్


వెస్టర్‌హామ్న్
1997 ఏప్రిల్

అక్కకు,

రాయొద్దన్నావు. రాస్తున్నాను. చదవకుండా చించెయ్యాలనుకుంటే ఈ ఒక్క వాక్యం చదివి చించు. పుస్తకాలు గోడ మీద లేవు.

నీ ఉత్తరం అందిన మర్నాడు, మధ్యాహ్నం భోజనాల వేళ, పక్కింటివాళ్ళ మర తిప్పే యంత్రం అడిగి తీసుకుని గిడ్డంగికి వెళ్ళాను. హోటలు నిండా జనం. ఒక కుర్చీ జరుపుకుని ఎక్కాను. మొదటి మర ఊడి కింద పడింది. రెండోదాన్ని జేబులో వేసుకున్నాను.

"ఏమండీ, ఏం చేస్తున్నారు?" అంది కాఫీ ఇచ్చే అమ్మాయి.

"నేను లైబ్రేరియన్‌ని. బాకీ పడ్డ పుస్తకాలు వెనక్కి తీసుకుంటున్నాను" అన్నాను.

తర్వాత జరిగింది విను. జనం చప్పట్లు కొట్టారు! ఇదీ కార్యక్రమంలో భాగమే అనుకున్నారు. ఒకాయన కేకు ముక్క నోట్లో పెట్టుకుని, "చాలా కదిలించే ప్రదర్శన" అని భార్యతో అన్నాడు. నేను కుర్చీ మీద నుంచే, "ఇది ప్రదర్శన కాదయ్యా, దొంగసొత్తు దింపుతున్నాను, కేకు మింగి వచ్చి పట్టుకో" అని అరిచాను. దానికీ చప్పట్లే.

ఎక్‌బ్లాడ్ పరిగెత్తుకొచ్చాడు. "బాషా గారూ, దయచేసి దిగండి. మీరు ఒక కళాఖండాన్ని ధ్వంసం చేస్తున్నారు!"

"నువ్వు ధ్వంసం చేసినదాన్నే నేను ధ్వంసం చేస్తున్నా. చెల్లుకి చెల్లు."

"ఈ పుస్తకాలని ఎవరూ చదవడం లేదండీ. నేను వాటికి మళ్ళీ ప్రాణం పోశాను."

"మీ అమ్మగారి ఫొటోకి మర కొట్టి ప్రాణం పొయ్యి, చూస్తాను."

ఆయన ముఖం ఎర్రబడింది. పుస్తకాలు చదువుకున్నవాడే, చెడ్డవాడు కాదేమో కూడా. అది ఇంకా రోత. అరగంటకి ప్లాట్నర్ గారు ఆసుపత్రి తెల్లకోటుతోనే వచ్చాడు. "దిగు, బాషా. ఉద్యోగం పోతుంది" అన్నాడు.

"పోనీండి. పైకప్పు మీరు చూసుకోండి."

అప్పుడు ఫేలా గారు వచ్చారు. ఎవరు చెప్పారో తెలియదు. చేతికర్ర పక్కన పెట్టి, నేను దింపుతున్నవి ఒక్కొక్కటీ అందుకోవడం మొదలుపెట్టారు. అలా అందుకుంటూ అందుకుంటూ ఆగిపోయారు. చేతిలో మేక. టోపీకి సరిగ్గా కిందుగా, మేక నుదుటి మీద చిల్లు. లోపల ప్రతి పేజీ మధ్యలోనూ అదే చిల్లు.

నేను కుర్చీ దిగాను.  ఆవిడ అక్కడే బల్ల దగ్గర కూర్చుని, ఎవరిదో కాఫీ కప్పు పక్కకి జరిపి, పైకి చదవడం మొదలుపెట్టారు. చిల్లు దగ్గర ఆగలేదు అక్కా. పోయిన మాటలు ఆవిడకి నోటికి వచ్చు. రెండో తరగతి అమ్మాయి గొంతుతో, చిల్లు మీదుగా దాటిపోతూ, పేజీ తరవాత పేజీ. ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ప్లాట్నర్ గారు కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు.

వెన్నులు కోసిన పుస్తకాల లోపలి భాగాలు మెట్ల కింద సంచుల్లో దొరికాయి. అన్నిటినీ మా అపార్టుమెంటు కింద, అందరూ బట్టలుతుక్కునే గది పక్కనున్న కొట్టులోకి చేర్చాను. పొడిగా ఉంటుంది, వెచ్చగా ఉంటుంది. అంచుల్లో చిల్లు పడ్డవి బతుకుతాయి. మిగతావి చదవడానికి పనికిరావు. వాటిని మన ఆచారం ప్రకారం మన శ్మశానంలో పాతిపెట్టాలి.

ఉద్యోగం పోయింది. అది చిన్న సంగతి. పెద్దది విను. ఎక్‌బ్లాడ్‌కి మళ్ళీ ఆలోచన వచ్చింది. జూన్‌లో ముగింపు ఉత్సవంగా "పుస్తకాల అంత్యక్రియలు" జరుపుతాడట! వయొలిన్, ఉపన్యాసం, టీవీవాళ్ళు. చెడిపోయిన పుస్తకాలు పెట్టెల్లో పెట్టి అప్పగిస్తే నా మీద కేసు పెట్టరట. ప్లాట్నర్ గారు ఒప్పుకున్నాడు. పిండాన్ని కూడా పిండివంట చేసుకుని తింటారు వీళ్ళు.

నేనేం చెయ్యను?

బాషా


ఆంట్వర్ప్
1997 మే

బాషాకు,

చించలేదు. నాలుగుసార్లు చదివాను. లైబిష్‌కి చదివి వినిపిస్తే ఆ కేకు పెద్దమనిషి దగ్గర నవ్వాడు, మేక దగ్గర లేచి వెళ్ళిపోయాడు.

పెట్టెలు ఇస్తామని చెప్పు. నేను వస్తున్నాను. నేను వచ్చేదాకా పార ముట్టుకోకు. ఆ గిడ్డంగిలో మిగిలిపోయిన కార్యక్రమం కరపత్రాలేమైనా ఉంటే, పారేసే ముందు నాకు చూపించమను.

ఫ్రిమెట్


వెస్టర్‌హామ్న్
1997 జూన్

అక్కకు,

నువ్వు క్షేమంగా చేరావని తెలిసింది. నువ్వు నిద్రపోయిన మంచం ఇంకా మడవలేదు.

అంత్యక్రియలు అయిపోయాయి. వాళ్ళవి. మనం లైలాక్ పొద పక్కన అసలు పుస్తకాలు పాతిన చోట గడ్డి అప్పుడే మొలుస్తోంది. తోటమాలి తప్ప అటు ఎవరూ చూడలేదు. వాళ్ళ గొయ్యి గేటుకి దగ్గర్లో, కెమెరాకి బాగా కనబడే చోట తవ్వారు.

నువ్వు టేపు వేసిన పెట్టెల్ని తెరిచి చూస్తారేమోనని నేను వాటినే చూస్తూ నిలబడ్డాను. తెరవలేదు. ఎవరికి కావాలి లోపల ఏముందో! ఎక్‌బ్లాడ్ కరపత్రాలని ఎక్‌బ్లాడే తలవంచి, మెల్లగా గోతిలోకి దించాడు. మేయర్ మట్టి వేసింది. వయొలిన్ వాయించినవాడు ఏడుపు రాగం తీశాడు. టీవీ అతను "డాక్టర్ గారూ, పార ఇంకొక్కసారి ఎత్తుతారా, ఇందాక మీ ముఖం నీడలో పడింది" అన్నాడు. ప్లాట్నర్ ఎత్తాడు! రెండోసారి, ముఖం వెలుతురులోకి తిప్పి. నేను గోడకి ఆనుకుని పళ్ళు నూరుతూ చూశాను. నా బతుకులో అంత రోత పడింది లేదు, అంత సంతోషించిందీ లేదు.

ఇక్కడితో ఉత్తరం ఆపేస్తే బాగుండేది. జనం వెళ్ళిపోయారు. టీవీ బండి వెళ్ళిపోయింది. నేనూ బయల్దేరాను. గేటు దగ్గర వెనక్కి చూస్తే ప్లాట్నర్ ఆ గోతి పక్కనే ఉన్నాడు. తడి గడ్డిలో మోకాళ్ళ మీద. ఏడుస్తున్నాడు. చూసేవాళ్ళు ఎవరూ లేరు అక్కా. నేనున్నానని కూడా ఆయనకి తెలియదు.

తెలిశాక కూడా లేవలేదు. "మా నాన్నకి సమాధి లేదు, బాషా" అన్నాడు. "ఎక్కడ చంపారో, ఏ గోతిలో వేశారో తెలియదు. నేను పుట్టేసరికే తీసుకుపోయారు. పుస్తకాల పిచ్చట ఆయనకి, అమ్మ చెప్పేది. ఈ వయసులో మొదటిసారి, ఒక చోట కూర్చుని ఏడవడానికి నాకు మట్టి దొరికింది."

 కరపత్రాలు, అక్కా! ఆయన ఏడుస్తున్నది పురపాలక సంఘం కరపత్రాల మీద. ఆయన ఇప్పుడు రోజూ క్లినిక్‌కి వెళ్ళే ముందు అక్కడికి వెళ్ళి ఒక గులకరాయి పెట్టి వస్తున్నాడని తోటమాలి చెప్పాడు. మనుషుల సమాధుల మీద మనం పెట్టినట్టే.

ఆయన మీద రోత పోలేదు. పోవాలని కూడా నాకు లేదు. కానీ రాత్రిళ్ళు అన్నం సహించడం లేదు. చెప్పనా? చెబితే మనల్ని వదులుతాడా? చెప్పకపోతే నన్ను నేను వదులుతానా?

కొట్టు లైబ్రరీకి పాఠకులు వస్తున్నారు. బట్టలు ఉతుక్కోవడానికి వచ్చిన ఒక బోస్నియా ఆవిడ, యంత్రం తిరిగే లోపు బొమ్మల పుస్తకం ఇమ్మని అడిగింది. ఇచ్చాను.

బాషా


ఆంట్వర్ప్
1997 జూన్

బాషాకు,

చెప్పెయ్.

ఆ మనిషంటే నాకు అసహ్యం. రెండోసారి పార ఎత్తాడన్న మాట చదివి ఉత్తరాన్ని బల్ల మీద విసిరికొట్టాను. కానీ తండ్రికి సమాధి లేని కొడుకుని చెత్తకాగితాల మీద ఏడవనిచ్చి, చాటు నుంచి చూసి నవ్వుకునే రకం మనం కాదు. అబద్ధపు దిబ్బ కట్టి నిజం కన్నీళ్ళు రాబట్టడం ఎక్‌బ్లాడ్ విద్య. అది మనకెందుకు? ఆ పెట్టెలకి టేపు వేసింది నేను. ఆ మాట కూడా చెప్పు. కేసు పెట్టదలిస్తే నా పేరు ముందు రాయించుకోమను.

లైలాక్ పొద దగ్గరికి తీసుకెళ్ళి, ఇదుగో ఇక్కడ అని చూపించు. అరుస్తాడు. అరవనీ. మళ్ళీ నీ ముఖం చూడనంటాడు. అననీ. నువ్వు మాత్రం ఓదార్చకు, క్షమించాననీ అనకు. క్షమించడానికి ఆ పుస్తకాలు మన ఇద్దరివే కావు.

కోపం దిగాక వస్తాడు. కొట్టు మెట్లు దిగి వస్తాడు, చూస్తూండు. వచ్చినప్పుడు కాఫీ ఇచ్చి మాటలు పెట్టుకోకు. ఒక చిల్లుపడ్డ పుస్తకం చేతిలో పెట్టు. పేజీలకి అతుకులు వెయ్యడం నీకు నేను నేర్పినట్టే ఆయనకి నువ్వు నేర్పు. ఆయన సంతకంతో పడ్డ చిల్లులవి. జీవితమంతా ఊరివాళ్ళ పుచ్చుపళ్ళు పూడ్చిన చేతులే కదా, త్వరగానే పట్టుబడుతుంది. యిడ్డిష్ చదవడం రాదంటాడు. ఫేలా ఉంది, మేక పుస్తకంతో మొదలుపెట్టమను.

అతుకులకి పనికొచ్చే పలచటి కాగితం వేరే కట్టలో పంపుతున్నాను. ఇంట్లో ఉన్న జిగురు వాడనివ్వకు, పసుపు తిరుగుతుంది.

ఫ్రిమెట్